గున్వోర్ చెప్పిన పేరు

గున్వోర్ సాండెల్ తన జీవితంలో స్టూడియో మెట్లెక్కింది రెండేసార్లు. రెండుసార్లూ చెల్లెలి వెనకే. చెల్లెలు సివ్ పాడుతుంటే, అక్క ఆ పాట కింద రెండో గొంతు కలిపేది. డెబ్భైల్లో ఫాల్‌షోపింగ్ చుట్టుపక్కల డాన్సు పార్కుల్లో శనివారం సాయంత్రాలు వాళ్ళ బృందానివే. వారమంతా పాలు పితికి, కలప కోసి అలిసిన జనం జంటలు జంటలుగా చెక్క అరుగు మీద తిరుగుతుండేవాళ్ళు. సివ్‌ది ఎర్రజుట్టు, చిన్న ఆకారం, పెద్ద గొంతు. మైకు ముందుకు వెళ్ళాలంటే మాత్రం ప్రతిసారీ వెనకాడేది. గున్వోర్ వెనకనుంచి నడుం మీద వేలితో ఒక్క పోటు పొడిచేది.

"వెళ్ళవే, నిన్నెవరూ కొరుక్కుతినరు."

ఆ తర్వాత మూడు గంటలపాటు సివ్‌ను ఆపడం ఎవరి తరమూ అయ్యేది కాదు.

1978లో యోతెబోరి నగరంలోని ఒక చిన్న రికార్డుల కంపెనీ ఈ అక్కాచెల్లెళ్ళచేత రెండు పాటలు పాడించింది. అందులో ఒకటి శీతాకాలం వెళ్ళి సరస్సు మీది మంచు విడిపోవడం గురించి సివ్ స్వయంగా రాసుకున్న పాట. అటో పాట ఇటో పాట పట్టే చిన్న రికార్డులు అయిదు వందలు అచ్చయ్యాయి. డాన్సుకు వచ్చినవాళ్ళకు బృందం వాళ్ళు తమ బస్సు వెనక నిలబడి అమ్మేవాళ్ళు. మరుసటి ఏడాది ఆకులు రాలే కాలంలో సివ్‌కు ఒంటిమీద కారణం లేకుండా కమిలిన మచ్చలు కనిపించాయి. రక్తంలో కేన్సర్ అన్నారు. నాలుగు నెలలు ఆస్పత్రిలో ఉంది. ముప్ఫై ఒకటో ఏట పోయింది.

బృందం చెదిరిపోయింది. గున్వోర్ పాలకేంద్రంలో జున్ను పొట్లాలు కట్టే పనిలో చేరి ఇరవై అయిదేళ్ళు అక్కడే చేసింది. పెళ్ళి మాట ఒకటి రెండుసార్లు వచ్చి, వచ్చిన దారినే పోయింది. రెండు గదుల ఇల్లు, కిటికీలో జెరేనియం కుండీలు, గురువారం బఠాణీ సూపు. అలా గడిచింది.

ఎనభై అయిదులో వాళ్ళ మేడ కింది సామాన్ల గదుల్లో నిప్పంటుకుంది. గున్వోర్ అరలో ఉన్న పెట్టె తెరిచేసరికి, అమ్మగా మిగిలిన రికార్డులన్నీ కరిగి ఒకదానికొకటి అతుక్కుని నల్లటి ముద్దయి ఉన్నాయి. ఇంకో కాపీ ఉందా అని కంపెనీకి ఉత్తరం రాసింది. ఆ కంపెనీని అప్పటికే పెద్ద కంపెనీ ఒకటి మింగేసింది, దాన్ని ఇంకా పెద్దది మింగింది. మూడు నెలలకు రెండు వాక్యాల జవాబు వచ్చింది. గోదాము మార్చినప్పుడు ఆ పాట ఉన్న అసలు టేపులు పారేశారట. అసౌకర్యానికి చింతిస్తున్నారట.

అప్పటినుంచి ఆ పాట ఆమె తలలోనే మిగిలింది, అదీ సగమే. గిన్నెలు కడుగుతూ కూనిరాగం తీస్తే ఎప్పుడూ తన రెండో గొంతే వచ్చేది. పైన నడవాల్సిన సివ్ వరస ఎంత గింజుకున్నా పట్టుబడేది కాదు.

2005 వేసవిలో, నెట్‌లోంచి పాటలు ఊరికే దించుకోవడం నేరమని దేశంలో కొత్త చట్టం వచ్చింది. పేపర్లలో కుర్రకారు దుమ్మెత్తిపోశారు. పాట గాలిలాంటిది, గాలికి తాళమేమిటని వాళ్ళ వాదన. గున్వోర్‌కు ఒళ్ళు మండింది. భుజం నొప్పితో పని మానేసి ఇంట్లోనే ఉందేమో, తీరిగ్గా కూర్చుని స్థానిక పత్రికకు ఉత్తరం రాసింది. తన చెల్లెలు జ్వరంతో కూడా బస్సెక్కి పాడడానికి వెళ్ళేదని, పాటంటే గాలి కాదని, ఒక మనిషి ఊపిరని, దాన్ని అడక్కుండా తీసుకునేవాళ్ళు కనీసం ఆ మనిషి పేరైనా తెలుసుకోవాలని రాసింది.

వారం తిరక్కుండానే స్టాక్‌హోమ్ నుంచి ఫోను. రికార్డు కంపెనీలన్నీ కలిసి పెట్టుకున్న సంఘంలో పనిచేసే పెర్నిల్లా హెగ్ అనే ఆవిడ.

"గున్వోర్, నీ ఉత్తరం మా ఆఫీసులో అందరం చదివాం. మా లాయర్లు పది పేజీల్లో చెప్పలేనిది నువ్వు అరపేజీలో చెప్పావు. బళ్ళకు వెళ్ళి పిల్లలతో మాట్లాడతావా? మాకు నీలాంటి కళాకారులు కావాలి."

కళాకారులు! ఇరవై ఆరేళ్ళుగా ఆ మాట ఆమెను ఎవరూ అనలేదు. ఫోను పెట్టేశాక గున్వోర్ అద్దం ముందుకెళ్ళి జుట్టు సరిచేసుకుంది.

ఆ శరదృతువంతా ఆమె బస్సుల్లో తిరిగింది. సంఘం వాళ్ళు పంపిన రంగు కాగితాలు సంచిలో, జున్ను పెట్టిన రొట్టె డబ్బాలో. ఏ బడిలోనైనా తొమ్మిదో తరగతి పిల్లలు ఒకటే తీరు. కుర్చీల్లో జారగిలబడి, చెవిలో తీగ ఒకటి దాచుకుని, ఈవిడ ఎప్పుడు ముగిస్తుందా అని చూసేవాళ్ళు.

"అయ్యో గున్వోర్, నీ పాటలకేం భయం లేదులే," అన్నాడొకడు ఒకసారి. "ఊరికే ఇచ్చినా మేం తీసుకోం!"

క్లాసంతా గొల్లుమంది. గున్వోర్ కూడా నవ్వింది. "నీ మొహం, నీకు డాన్సెయ్యడం వస్తే కదా!" అని అంటించింది. అలాంటివి ఆమెకు లెక్కలేదు. పాలకేంద్రంలో ఆడవాళ్ళ నోళ్ళ మధ్య పాతికేళ్ళు నెగ్గుకొచ్చిన మనిషి.

ఫిబ్రవరిలో మాత్రం దెబ్బ తగిలింది. హొర్న్‌బొర్గా సరస్సుకు అవతల ఒక చిన్న ఊరి బడి. గున్వోర్ ఎప్పట్లాగే సివ్ సంగతి చెప్పింది, చనిపోయిందనీ చెప్పింది. ముందు వరసలో ముక్కుపోగు పెట్టుకున్న ఒక అమ్మాయి చెయ్యెత్తింది. ఎగతాళి కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"నీ చెల్లెలు పోయింది. ఆ రికార్డు ఎక్కడా దొరకదన్నావు. మరి దాన్ని నేను నెట్‌లో తీసుకుంటే ఎవరి దగ్గర దొంగిలించినట్టు?"

గున్వోర్ సంఘం పంపిన కాగితాలు అటూ ఇటూ తిప్పింది. వాటిలో దీనికి జవాబు లేదు. టీచరు గంట కొట్టకముందే క్లాసు వదిలేసింది.

గది వెనక నిచ్చెనెక్కి గోడకున్న తెర బిగిస్తున్న మనిషి ఒకాయన దిగి వచ్చాడు. యాభై ఆరేళ్ళుంటాయి. నీలం పనిబట్టలు, నడుముకు తాళాల గుత్తి. పేరు బోర్యె హలీన్. ఆ బడిలో బల్బు మాడినా, కుళాయి కారినా, తలుపు ఇరుక్కున్నా ఆయనే.

"సివ్ అన్నావు," అన్నాడు మెల్లగా. "సివ్ సాండెలేనా? ఎర్రజుట్టు?"

"నీకెలా తెలుసు?"

"డెబ్భై ఎనిమిదిలో స్కారా పార్కులో ఆవిడ పాడుతుంటే నేను మా ఆవిణ్ణి మొదటిసారి డాన్సుకు అడిగాను. వద్దంది. రెండో పాటకు ఒప్పుకుంది." ఆయన నవ్వాడు. "ఆ రికార్డు నా దగ్గరుంది. రా."

మెట్లు దిగి వేడినీటి గొట్టాల పక్కనున్న ఆయన పనిగదికి తీసుకెళ్ళాడు. రెంచీలు, రంగు డబ్బాలు, మధ్యలో ఒక కంప్యూటరు. పక్కన స్టూలు మీద దుమ్ము తుడిచి ఆమెను కూర్చోబెట్టాడు. ఏదో నొక్కాడు.

ముందు సూది గరగర. తర్వాత పాట మొదలయ్యే ముందు ఎవరో చిన్నగా ఊపిరి తీసుకోవడం. గున్వోర్ ఆ ఊపిరిని గుర్తుపట్టింది. పాటకంటే ముందే గుర్తుపట్టింది. ఆపైన సివ్ గొంతు వచ్చింది, ముప్ఫై నిండని గొంతు, కాస్త బొంగురుగా, నిన్న పాడినట్టు. దాని కింద తన గొంతు.

పాట అయిపోయేదాకా ఆమె కదల్లేదు. బోర్యె ఆమె వైపు చూడకుండా ఒక తాళానికి నూనె పెడుతూ కూర్చున్నాడు.

"ఇంకోసారి వెయ్యనా?"

"వెయ్యి."

నాలుగుసార్లు విన్నది. మధ్యలో కాఫీ తాగారు. బోర్యె తన దగ్గరున్న పాత డాన్సు రికార్డులన్నీ ఒక్కొక్కటే కంప్యూటర్లోకి ఎక్కించానని చెప్పాడు. కొన్ని వందలున్నాయి. ఏ కొట్లోనూ దొరకనివి. వాటిని నెట్‌లో పెడితే, దేశం నలుమూలలనుంచీ ముసలివాళ్ళు తీసుకుంటారు, జవాబులు రాస్తారు. అక్కడ ఆయన పేరు డాన్సుతాత.

"ఒకావిడ రాసింది, వాళ్ళాయనకు మతిమరుపట, పెళ్ళాన్నే పోల్చుకోడట. నేను పెట్టిన పాటొకటి వింటూ మాత్రం లేచి నిలబడి చెయ్యి చాచాడట. ఇద్దరూ వంటింట్లోనే డాన్సేశారట." ఆయన తల గోక్కున్నాడు. "నువ్వు చెప్పే దొంగల్లో నేనూ ఒకణ్ణేలే."

"ఊరుకో," అంది గున్వోర్. "నువ్వు దొంగేమిటి, నువ్వు నా పాలిట దేవుడివి."

ఆయన ఆ పాటను ఒక సీడీ మీద ఎక్కించి ఇచ్చాడు. ఆమె దాన్ని చేతిరుమాలులో చుట్టుకుని బస్సెక్కింది.

సంతోషం ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు. తెల్లారి ఎనిమిదింటికే పెర్నిల్లాకు ఫోను చేసింది. పోయిందనుకున్న పాట దొరికిందని, ఇప్పుడు కంపెనీ దాన్ని మళ్ళీ అచ్చెయ్యొచ్చని, తన కాపీ పంపిస్తానని గబగబా చెప్పుకుపోయింది. ఒక్కటే కాదు, ఆయన దగ్గర ఇంకా ఎన్నెన్నో ఉన్నాయని, మీవాళ్ళు వెళ్ళి అడిగితే కాదనడని చెప్పింది.

అవతల కలం మూత తీసిన చప్పుడైంది.

"ఆయన పేరేమన్నావు?"

గున్వోర్ చెప్పింది. ఊరు చెప్పింది. నెట్‌లో డాన్సుతాత అంటారని కూడా నవ్వుతూ చెప్పింది.

"అవన్నీ నీ నివేదికలో రాసి పంపించు గున్వోర్," అంది పెర్నిల్లా. "సీడీ కూడా."

వెళ్ళిన ప్రతి బడి గురించీ ఒక కాగితం నింపి పంపాలి. చివర 'ఇతర విషయాలు' అని నాలుగు గీతలుంటాయి. మామూలుగా ఆమె వాటిని ఖాళీగా వదిలేసేది. ఆ రోజు నాలుగు గీతలూ చాలక వెనక్కి తిప్పి రాసింది. అక్షరాలు ముత్యాల్లా, ఎవరికైనా అర్థమయ్యేలా రాసింది. సీడీని మందపాటి కవరులో పెట్టింది. తనకోసం ఇంకొకటి చేయించుకోవాలన్న ఆలోచన రాలేదు. బోర్యె ఉన్నాడు కదా, ఎప్పుడడిగినా ఇస్తాడు.

ఏప్రిల్లో సరస్సుకు కొంగలు వచ్చాయి, జనం చూడ్డానికి వెళ్ళారు, కొంగలు వెళ్ళిపోయాయి. పెర్నిల్లా దగ్గర్నుంచి ఆ పాట గురించి ఏ కబురూ లేదు. మే రెండో వారంలో గున్వోర్ పొద్దున్నే కాఫీ పోసుకుని పత్రిక విప్పింది. మూడో పేజీలో చిన్న వార్త. బడి ఉద్యోగి ఒకడి పనిగదిలోనూ ఇంట్లోనూ పోలీసులు సోదా చేసి కంప్యూటర్లు పట్టుకెళ్ళారు. వేల పాటలు నెట్‌లో పంచుతున్నాడని సంగీత పరిశ్రమ ఫిర్యాదు. వయసు యాభై ఆరు. పేరు వెయ్యలేదు. వెయ్యక్కర్లేదు.

కాఫీ అక్కడే వదిలేసి ఆమె స్టాక్‌హోమ్‌కు ఫోను చేసింది.

"పెర్నిల్లా, ఇదేమిటి? నేను చెప్పింది ఆయన మంచివాడనే!"

"తెలుసు. నాకూ బాధగానే ఉంది." పెర్నిల్లా గొంతు తగ్గించింది. "నా చేతుల్లో లేదు, లాయర్లు చూసుకుంటున్నారు. చూడు గున్వోర్, ఆయన దగ్గర పాతవే కాదు. తొమ్మిది వేల పాటలు. నిరుడొచ్చినవీ ఉన్నాయి."

"ఆయన అవి విననేవినడు!"

"అయుండొచ్చు. కానీ పిల్లల మీద కేసు పెడితే తల్లిదండ్రులు మా మీద పడుతున్నారు, పేపర్లు తిడుతున్నాయి. మావాళ్ళకు వయసొచ్చిన మనిషి ఒకడు కావాల్సొచ్చింది. బడిలో పనిచేసేవాడైతే పిల్లలకూ హెచ్చరిక అవుతుందని."

ఇక బళ్ళకు వెళ్ళే పని మానేస్తున్నానని గున్వోర్ ఆ వారమే రాసి పంపింది. బోర్యెకు ఉత్తరం మొదలుపెట్టి చించేసింది. మళ్ళీ మొదలుపెట్టింది. వేసవి అలాగే గడిచిపోయింది. తన పేరు బయటికి రాదేమో అని ఒక మూల ఆశ ఉండేది. ఆ ఆశను తలచుకుని సిగ్గుపడేది, అయినా అది పోయేది కాదు.

నవంబరులో కేసు విచారణకు వచ్చింది. గున్వోర్ మంచి కోటు వేసుకుని వెళ్ళింది. కోర్టు నడవాలో బోర్యె బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. మెడకు సరిపడని టై. ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు. మొహం విప్పారింది.

"నువ్వొచ్చావా! ఇంత దూరం!" రెండు చేతులతో ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "మా బడివాళ్ళు ఒక్కరూ రాలేదు తెలుసా."

చెప్పాల్సింది అప్పుడే. గున్వోర్‌కు తెలుసు. "బోర్యె, నేను..." అంది. ఈలోగా లోపలికి పిలిచారు.

ప్రాసిక్యూటరు ఓ చిన్న వయసావిడ, గొంతులో కోపమేమీ లేదు. కొత్త పాటలు ఎందుకున్నాయని అడిగింది. పాటలు పంచుకునే ఆ నెట్ గుంపులోకి రానివ్వాలంటే ఎవరైనా తమ వంతుగా కొన్ని వేల పాటలు, సంచి నింపినట్టు, తేవాలనేది రూలని బోర్యె చెప్పాడు. పాత పాటలతో సంచి నిండలేదు, అందుకని దొరికినవన్నీ కుక్కాను, ఒక్కటీ వినలేదు అన్నాడు. వెనక బెంచీలో ఎవరో నవ్వారు.

"చట్టం తెలియదా?"

"తెలుసు. ఆ పాతవి ఎవరైనా అమ్మితే మొదట కొనేది నేనే. ఎవరూ అమ్మట్లేదు."

తర్వాత ఆవిడ ఫైలు తిప్పి, ఈ సమాచారం మొదట ఎలా వచ్చిందో చదివింది. పరిశ్రమ తరఫున బళ్ళకు వెళ్ళే గున్వోర్ సాండెల్ ఫిబ్రవరిలో ఇచ్చిన నివేదిక. అందులోని వాక్యాలు కూడా చదివింది. 'ఆయన ఎంతో సంతోషంగా అన్నీ చూపించారు. కాఫీ కూడా ఇచ్చారు.'

బోర్యె వెనక్కి తిరగలేదు. గున్వోర్‌కు ఆయన మెడ, దాని మీద కొత్తగా కత్తిరించిన జుట్టు, చెవుల అంచులు కనిపిస్తున్నాయి. చెవులు మెల్లగా ఎర్రబడ్డాయి. మధ్యాహ్నం విరామంలో ఆయన ఆమె పక్కనుంచే నడిచి వెళ్ళాడు, ఖాళీ బెంచీ పక్కనుంచి వెళ్ళినట్టు.

జరిమానా పడింది. కంప్యూటర్లు, వాటిలోని పాటలు, సాక్ష్యంగా పెట్టిన ఆ సీడీతో సహా అన్నీ నాశనం చెయ్యాలని తీర్పు. జైలు లేదు. కానీ బడి కంప్యూటరు వాడాడు కాబట్టి ఉద్యోగం పోయింది. ఇరవై రెండేళ్ళ ఉద్యోగం. తనంతట తనే మానేసినట్టు సంతకం పెట్టించుకున్నారు.

డిసెంబరులో, క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆదివారాల్లో రెండో కొవ్వొత్తి వెలిగించే రోజున, గున్వోర్ ఆయన ఇంటికి వెళ్ళింది. పసుపురంగు చెక్క ఇల్లు. బోర్యె తలుపు తీసి చాలాసేపు చూశాడు.

"బయట చలి. లోపలికి రా," అన్నాడు చివరికి.

వంటింట్లో కూర్చున్నారు. ఆయన భార్య రెండేళ్ళ కిందట పోయిందని గోడమీద ఫోటో కింది తేదీ చూస్తే అర్థమైంది. కాఫీ పెట్టలేదు.

"నేను నీకు మేలు జరుగుతుందనుకున్నా," అంది గున్వోర్. "వాళ్ళు నిన్ను మెచ్చుకుంటారనుకున్నా. దేవుడి తోడు."

"తెలుసు. కోర్టులో ఆ కాగితం విన్నాను కదా. ఎంత బాగా రాశావో." ఆయన బల్ల మీద లేని రొట్టెముక్కలు చేత్తో ఊడ్చాడు. "నాకు కోపం రావాలి. రావట్లేదు. అదే ఇబ్బంది."

"బోర్యె, ఆ రికార్డు... నన్ను ఒక్కసారి..."

ఆయన కిటికీ వైపు చూశాడు.

"మొన్న శనివారం అన్నీ చెత్తకేంద్రానికి పట్టుకెళ్ళి పారేశాను. ఆరు పెట్టెలు. ఇంట్లో ఉంటే నిద్రపట్టట్లేదు, మళ్ళీ ఎవరో తలుపు కొడతారని."

"అది కూడానా?"

"విడిగా చూళ్ళేదు గున్వోర్. ఏది ఏదో చూస్తే పారెయ్యలేకపోయేవాణ్ణి."

బయట ఎవరో మెట్ల మీది మంచు పారతో గోకుతున్నారు.

"నెట్‌లో తీసుకున్నవాళ్ళెవరి దగ్గరైనా ఉంటుందేమో," అంది గున్వోర్.

"ఉండొచ్చు. నా సంగతి తెలిశాక అందరూ భయపడి చెరిపేసుకున్నారని విన్నాను. వాళ్ళ అసలు పేర్లు నాకు తెలియవు. తెలిసినా చెప్పను."

ఆ చివరి మాట అన్నాక ఆయనకే కష్టమనిపించినట్టుంది, లేచి ఆమె కోటు తెచ్చి ఇచ్చాడు. గుమ్మం దగ్గర అన్నాడు, "ఇక రాకు. నీమీద పగ పట్టి కాదు. నిన్ను చూస్తే ఆ కాగితం వినిపిస్తోంది."

స్టాక్‌హోమ్‌కు ఆమె మరో ఉత్తరం రాసింది. తీర్పు అమలయ్యే ముందు ఆ సీడీలోని ఒక్క పాటను తనకు ఇప్పించమని. పెర్నిల్లా అప్పటికే వేరే ఉద్యోగానికి వెళ్ళిపోయింది. ఇంకెవరో జవాబిచ్చారు. హక్కులు ఎవరివో నిర్ధారించలేమని, అలాంటి పాత పాటకు మార్కెట్ లేనందువల్ల ఆ పరిశీలన చేపట్టడం లేదని.

జనవరిలో గున్వోర్ మళ్ళీ స్థానిక పత్రికకు రాసింది. ఈసారి చిన్న ఉత్తరం. బోర్యె హలీన్ ఎవరి దగ్గరా ఏమీ దొంగిలించలేదని, చచ్చిపోయిన తన చెల్లెలిని ఒక మధ్యాహ్నంపాటు తిరిగి తెచ్చి ఇచ్చాడని, అందుకు బదులుగా తాను ఆయన పేరు రాసి పంపానని, ఆ పని చేసింది ఇంకెవరూ కాదు తానేనని రాసింది. పత్రికవాళ్ళు అచ్చేశారు. పాలకేంద్రం పాత స్నేహితురాళ్ళలో ఇద్దరు ఫోను చేసి ఎందుకు నిన్ను నువ్వే రోడ్డుకీడ్చుకున్నావే అని తిట్టారు. దుకాణంలో ఎవరో ముఖం తిప్పుకున్నారు. ఇంకెవరో భుజం తట్టారు. నాలుగు రోజులకు అంతా సద్దుమణిగింది.

అయిదో రోజు సాయంత్రం ఫోను మోగింది.

"చదివాను," అన్నాడు బోర్యె.

"ఊఁ."

"నా ఇంటిపేరులో అక్షరం తప్పు పడింది."

"అయ్యో, పత్రికవాళ్ళకు చెప్పి దిద్దిస్తాను."

"వద్దులే. వదిలెయ్." కాసేపు ఆయన ఊపిరి వినిపించింది. ఇంకేదో అంటాడని ఆమె ఎదురుచూసింది. ఆయన ఫోను పెట్టేశాడు.

వసంతం వచ్చేసరికి పసుపు ఇల్లు అమ్మేశాడని, ఉత్తరాన తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయాడని, అక్కడ కలప మిల్లులో యంత్రాలు చూస్తున్నాడని బస్సులో ఎవరో చెప్పగా గున్వోర్ విన్నది. ఏ ఊరో చెప్పబోతుంటే ఆమె చెయ్యి అడ్డం పెట్టి, "నాకు చెప్పకు," అంది.